ఫిడేలు కూర్చుంది, కార్నెట్టు నిలబడింది

మా ఆడపడుచు కూతురికి పెళ్ళి కుదిరింది. "మనవరాలి పెళ్ళికి మీకేం కావాలండీ?" అని మా అత్తగారిని అడిగాను. పట్టుచీర అంటారనుకున్నాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "నాకు బ్యాండు కావాలే" అన్నారు.

పిల్లలు గొల్లున నవ్వారు. "డీజేకి అడ్వాన్సు కూడా ఇచ్చేశాం అమ్మమ్మా!" అన్నారు.

"ఆ పెట్టెలా? మొన్న ఎదురింటి పెళ్ళికి ఆ మోత వినలేక చచ్చాను. అలమారలో స్టీలు గ్లాసులు వాటంతటవే నడిచాయి. నాకు మనుషులు ఊదే బ్యాండు కావాలి" అని కచ్చితంగా చెప్పేశారావిడ.

ఇక చూసుకోండి మా తిప్పలు! నేనూ మావారూ విజయనగరం సందులన్నీ తిరిగాం. నా చిన్నప్పుడు బ్యాండు మేళం బోర్డు వేలాడిన కొట్టులో ఇప్పుడో కుర్రాడు సెల్‌ఫోన్లకి అద్దాలు అతికిస్తున్నాడు. అతనే చెప్పాడు, "మా తాత కార్నెట్టు ఊదీవోడండి. ఇంటికాడే ఉన్నాడు, ఎల్లండి" అని.

కంటోన్మెంటు వైపు ఒక సందులో, అరుగు మీద కూర్చుని ఉన్నాడా తాత. ఎనభై దాటిన మనిషి. ఊదడం మానేసి ఇరవై ఏళ్ళు అయిందిట. "పళ్ళు పోనాయి గదమ్మా. ముందుపళ్ళు పోతే కార్నెట్టు పోయినట్టే" అన్నాడు. అయినా వాయిద్యాన్ని మాత్రం అమ్ముకోలేదు. పాత జరీ అంచు గుడ్డలో చుట్టి, బియ్యం డబ్బా పక్కన భద్రంగా దాచుకున్నాడు. విప్పి చూపించాడు. చింతపండుతో తోమిన రాగిచెంబులా మెరుస్తోంది.

"ఏటుందమ్మా ఇందులో? మూడు మీటలు, బారెడు గొట్టం. మిగిలినదంతా పెదవే" అన్నాడు.

బ్యాండు మాట్లాడుకుందామని వెళ్ళిన దాన్ని, రెండు గంటలు అరుగు దిగకుండా ఆ కబుర్లు వింటూ కూర్చుండిపోయాను. ఇంటికి వచ్చాక నాలుగు పుస్తకాలు తిరగేశాను. అందులో కొంత మీకూ చెప్పాలనిపించింది.

తాత పన్నెండో ఏట మేళంలో చేరాడు. ముందు తాళాలు చేతికిచ్చారు. తరవాత డ్రమ్ము. "బూరా సేతికి రావడానికి నాలుగేళ్ళు పట్టింది. బుగ్గలు ఉబ్బించి ఊదితే గాలొస్తాది గాని స్వరం రాదమ్మా. రెండు పెదవులూ బిగబట్టి తేనెటీగలాగ వణికించాల. నెల్లాళ్ళు మూతి వాసిపోయి గంజి తప్ప మరేటీ తిన్లేకపోనాను" అని నవ్వాడు.

ఇంతకీ ఈ కార్నెట్టు, ఈ డ్రమ్ము మన వీధుల్లోకి ఎలా వచ్చాయి? మన ఊరేగింపులకి సన్నాయి ఉంది, డోలు ఉంది, డప్పు ఉంది, కొమ్ము ఉంది. ఇవి మాత్రం పటాలాల వెంట వచ్చాయి. మన ప్రాంతం పటాలాలు చూడని ప్రాంతమా? 1757లో బొబ్బిలి మీదికి ఫ్రెంచివాళ్ళు ఫిరంగులతో వచ్చారు. 1794లో పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యంతో పోరాడి విజయరామరాజు ప్రాణాలు విడిచారు. ఆ తరవాత విజయనగరంలో కంపెనీ పటాలం మకాం పెట్టింది. కంటోన్మెంటు అన్న పేరు ఈనాటికీ మిగిలింది అందుకే.

పటాలంలో బాకా, డ్రమ్ము మొదట వినోదానికి కాదు. అవి ఆజ్ఞలు. సిపాయి నిద్ర లేవడం, భోజనానికి రావడం, ముందుకి నడవడం, వెనక్కి తగ్గడం, అన్నీ ఆ మోత మీదే. మనిషి గొంతు అందని చోటికి ఇత్తడి గొంతు అందుతుంది కనక. పటాలంలో ఊదే ఆ బ్యూగిల్‌కి మీటలు ఉండవు. పెదవి బిగింపుతోనే స్వరాలు మార్చాలి. మన భాషలో చెప్పాలంటే పలికేవి ముఖ్యంగా షడ్జమం, గాంధారం, పంచమం. ఆ మూడింటినే కింద, పైన మార్చుకుంటూ ఊదాలి. ఆ మూడు స్వరాలతో యుద్ధం చెయ్యొచ్చేమో గాని పెళ్ళి చెయ్యలేం కదా!

1818 ప్రాంతంలో జర్మనీలో స్టోల్జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు ఇత్తడి గొట్టానికి మీటలు అమర్చి పేటెంటు తీసుకున్నారు. తరవాత మూడు మీటల వాయిద్యాలు వచ్చాయి. ఒక మీట నొక్కితే స్వరం ఒక మెట్టు దిగుతుంది, ఇంకోటి నొక్కితే అరమెట్టు, మూడోది నొక్కితే ఒకటిన్నర మెట్టు. ఈ మూడింటినీ కలిపీ విడదీసీ నొక్కితే పన్నెండు స్వరస్థానాలూ మూడు వేళ్ళ కిందికి వచ్చేస్తాయి. ఇక ఏ పాటైనా పలుకుతుంది. ఉత్తరాదిన మీరట్‌లో 1885లో నాదిర్ అలీ కంపెనీ వెలిసింది. పటాలం బ్యాండులో పనిచేసిన మనిషి పెట్టిన కంపెనీ అది. ఆ మీరట్ నుంచే దేశంలోని పెళ్ళి బ్యాండులకి వాయిద్యాలు వెళ్ళాయి. తాత కార్నెట్టు కూడా మీరట్‌దే. వాళ్ళ మాస్టారు నలుగురి దగ్గర అప్పు చేసి రైలు పార్సెల్‌లో తెప్పించారుట.

పెళ్ళికొడుకు ఒక్కరోజు రాజు కదా. రాజుకి ముందు పటాలం నడవాలి. ఆ పటాలమే ఎర్రకోటు, బంగారు రంగు గుండీలు, తలపాగా పెట్టుకున్న ఈ పదిమంది. తాత అన్నాడు, "మూఢం వచ్చిందంటే ఆ కోటు మేకుకి తగిలించీసి కూలికెళ్ళీవోళ్ళం. కోటుకి మూఢం ఉంటాది గాని కడుపుకుండదు గదమ్మా!"

మాటల్లో సంగీత కళాశాల ప్రస్తావన వచ్చింది. విజయనగరం ఆడపిల్లనై ఉండి అది లేకుండా సంగీతం గురించి మాట్లాడగలనా? 1919లో మహారాజు స్థాపించిన కళాశాల అది. మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఫిడేలు ఆచార్యులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు. 1936లో ఆయనే అధ్యక్షులయ్యారు. ఘంటసాల, పి. సుశీల అక్కడ చదువుకున్నవాళ్ళే.

"ఆ కాలేజీ గేటు ముందర్నుంచి ఎన్ని వందలసార్లు ఊదుకుంటూ ఎల్లినానో నెక్క నేదు. ఒక్కసారీ నోపలికెళ్ళనేదు" అన్నాడు తాత. కాసేపు ఆగి, "అమ్మా, సదువుకున్నదానివి, నువ్వు సెప్పు. ఫిడేలూ దొరలదే, కార్నెట్టూ దొరలదే. రెండూ ఓడ దిగొచ్చినవే. మరి ఫిడేలు బాసింపట్టు ఏసుకుని తివాసీ మీద కూకుంది. కార్నెట్టు రోడ్డు మీదే నిలబడిపోయింది. ఏం?" అని అడిగాడు.

ఏం చెప్పను? నాకు తెలిసిన సమాధానమేదో చెప్పాను. ఫిడేలు మీద వేలు జారుతుంది, గమకం పలుకుతుంది, కార్నెట్టు మీటలకి గమకం లొంగదేమో అన్నాను.

"పెదవికి నొంగుతాది. మీటని సగం నొక్కి, పెదవి సడలిస్తే స్వరం జారదేటి? నాను జార్చినాను" అన్నాడు.

నా పాండిత్యం అక్కడితో సరి! నిజమే మరి. క్లారినెట్టూ విదేశీ వాయిద్యమే. ఏ.కె.సి. నటరాజన్ దాన్ని కచేరీ వేదిక ఎక్కించారు. శాక్సఫోనుకీ గమకాలు పలకవన్నారు, కద్రి గోపాల్‌నాథ్ పలికించారు. ఆ మాటే చెప్తే తాత తల ఊపి, "అయితే తప్పు బూరాది కాదన్నమాట" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. నేనూ తలవంచుకున్నాను. బూరాది కాకపోతే తప్పు ఎవరిదో ఇద్దరికీ తెలుసు. ఏ వీధివాళ్ళు, ఏ కులంవాళ్ళు ఊదారన్నదే వేదిక ఎత్తుని నిర్ణయించింది.

పుస్తకాలు తిరగేస్తే ఇంకో తమాషా కనిపించింది. చెన్నపట్నం కోటలో కంపెనీవారి బ్యాండు ఉండేది. మణలిలో ఉండగా దీక్షితార్ సోదరులు దాన్ని విన్నారు. తమ్ముడు బాలుస్వామి ఫిడేలు నేర్చుకుని మన సంగీతానికి తెచ్చారు. అన్నగారు ముత్తుస్వామి దీక్షితార్ ఆ బ్యాండు వరసలకి సంస్కృత సాహిత్యం కట్టారు. అవే నోటుస్వరాలు. మీ పిల్లలకి సంగీతం పంతులుగారు చెప్పే 'శక్తి సహిత గణపతిం' అలాంటిదే. అంటే బ్యాండు వరస నడిచి వెళ్ళి పూజగదిలో కూర్చుందన్నమాట! మరి మన పెళ్ళి బ్యాండు ఊరేగింపు మొదట్లో ఏం ఊదుతుంది? 'వాతాపి గణపతిం'. అదీ ఆ దీక్షితార్‌దే. వరసలు ఇటూ అటూ రాకపోకలు చేశాయి, గుమ్మం దాటలేనిది ఊదిన మనిషే.

అంతలో నాకు మా చెల్లెలి కొడుకు గుర్తొచ్చాడు. అమెరికాలో చదువుతున్నాడు, ట్రంపెట్టు ఊదుతాడు. అక్కడ డ్రమ్ కోర్ అని పెద్ద బృందాలు ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలు మొదలుపెట్టిన ముచ్చట అది. 1972లో వాటన్నిటికీ ఒక సంస్థ ఏర్పడి ఏటా పోటీలు పెడుతోంది. కుర్రకారు నూరుమందికి పైగా మైదానంలో బారులు తీరి, నడుస్తూ, పరిగెడుతూ ఊదుతారు. ఇరవై రెండేళ్ళు వస్తే ఇక చోటు లేదు. వాడు పంపిన వీడియో తాతకి చూపించాను. కళ్ళు చికిలించి చివరిదాకా చూశాడు.

"బాగా ఊదుతున్నారు. అడుగు తప్పనేదు. ఇంతకీ పెళ్ళికొడుకేడమ్మా?" అన్నాడు.

పెళ్ళి లేదు తాతా, ఉట్టినే ఊదుతారు, పైగా అందులో చేరడానికి పిల్లలే డబ్బు కడతారు అన్నాను. నమ్మలేదు. జనమంతా కూర్చుని వాళ్ళనే చూస్తున్నారని మాత్రం రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. "ఒక్కరూ ఎగరట్లేదు. ఇంటున్నారు" అన్నాడు మెల్లిగా.

నాకు జాలి వేసింది. అది కనిపెట్టాడో ఏమో, వెంటనే అన్నాడు: "మాకేటి తక్కువ? కచేరీ టిక్కెట్టు కొన్నోడే ఇంటాడు. మా పాట కొననోడూ ఇన్నాడు. ఆడోళ్ళు పిండి సేతులతోనే గుమ్మాల్లోకొచ్చి ఇనీవోరు. సినిమాకే పంపనోళ్ళు, కచేరీకి పంపీవోరేటి ఆళ్ళని? కొత్త సినిమా వొస్తే మా మాస్టారు మూడాటలు సూసి వరస పట్టీసీవోరు. మేం ఆళ్ళ గుమ్మం ముందర దాన్ని ఊదీవోళ్ళం. పాటే ఆళ్ళ దగ్గరికెళ్ళింది."

ఆ మాటతో మా అత్తగారి కోరిక నాకు అర్థమైంది. ఆవిడ పదహారో ఏట ఈ ఇంటికి కోడలిగా వచ్చారు. మామగారి తల్లి గడప దాటనిచ్చేది కాదుట. రేడియో మగవాళ్ళ గదిలో ఉండేది. ఆవిడకి తెలిసిన పాటలు సగం వీధి అరుగు కటకటాల వెనకనించి విన్నవే. అలాంటి గుమ్మాలు ఒకటా, రెండా? మనకి సంగీతం తెచ్చి ఇచ్చిన మనుషుల పేర్లు మనం ఎన్నడైనా అడిగామా? అడగకపోగా విస్తళ్ళు ఎత్తేశాక పందిరి బయట ఆఖరి బంతిలో అడుగూ బొడుగూ వడ్డించాం. అది నేనూ కళ్ళారా చూశాను. అప్పుడు తప్పనిపించలేదు.

లేచి వచ్చేస్తూ, ఊదలేకపోయిన రోజు ఏదైనా ఉందా తాతా అని అడిగాను.

"ఉంది. నా కూతురి పెళ్ళి. మేళంవోళ్ళందరూ పైసా పుచ్చుకోకుండా వొచ్చినారు. అప్పగింతల పాట నానే ఊత్తానన్నాను. అమ్మా, ఏడిస్తే పెదవి నిలవదు. అందుకే అప్పగింతలకి మేం ఏడవం, మిమ్మల్ని ఏడిపిస్తాం. వందల పెళ్ళిళ్ళల్లో ఒక్క కన్నీటిబొట్టు రానీనేదు. ఆరోజు మాత్రం గాలే వొచ్చింది, స్వరం రానేదు. పక్కనున్న క్లారినెట్టోడు అందుకున్నాడు."

పేరు అడిగాను, రాసుకుంటానని. "పేరెందుకమ్మా? కార్నెట్టోడంటే మూడు వీధులోళ్ళకి తెలుస్తాది" అని కార్నెట్టుని మళ్ళీ గుడ్డలో చుట్టేశాడు.

తాత చెప్పిన పల్లె నుంచి ఆరుగురు మనుషుల మేళం వచ్చింది. డీజే పెట్టెలు ఓ గంట నోరు మూసుకున్నాయి. మా అత్తగారు కుర్చీలు వేయించి వాళ్ళని పందిట్లో కూర్చోబెట్టారు. మొదటి బంతిలో వడ్డించి, ఒక్కొక్కరి పేరూ, ఊరూ అడిగారు. వాళ్ళకి అదో ఇబ్బంది, పాపం. కూర్చుని ఊదడం అలవాటు లేదుట, ఊపిరి అందలేదుట! రెండు పాటలయ్యాక వాళ్ళే లేచి నిలబడ్డారు.

ఆ రాత్రి నా పెళ్ళి ఆల్బమ్ తీశాను. మా అత్తగారి చెల్లెలి తోటికోడలి మనవడిదాకా అందరూ ఉన్నారు. బ్యాండువాళ్ళు మాత్రం ఒక్క ఫొటోలోనే కనబడ్డారు. అదీ ఫొటో అంచున ఇత్తడి బూరా మూతి సగం, దాన్ని పట్టుకున్న చేతివేళ్ళు మూడు. అంతే.

మీ ఆల్బమ్ కూడా ఓసారి తీసి చూడండి.