ఓటమికి జవాబుదారి ఎవరు? 1936 నాటి క్రికెట్ సారథ్య వివాదం

జట్టు ఓడిన మరునాడు అభిమానులు అడిగే ప్రశ్నలు రెండే. తప్పు ఎవరిది? ఆయనను తొలగిస్తే ఆ స్థానంలో ఎవరిని నిలపాలి? మొదటి ప్రశ్నకు సమాధానం తేలకముందే రెండవ ప్రశ్నపై వాదం ముదిరిపోతుంది. కామాటిపుర గల్లీలలో టెన్నిసు బంతితో ఆడుకునే పిల్లల జట్టు మొదలుకొని దేశం తరఫున ఆడే జట్టు వరకు ఈ ధోరణిలో తేడా లేదు. నేడు ఇటువంటి ప్రశ్నలు ఎక్కువగా కోచ్‌కు తగులుతున్నాయి. 1930లలో భారత క్రికెట్ జట్టుకు కోచ్ అనే పదవి లేదు. ఎవరు ఆడాలి, ఎవరు ఏ వరుసలో బ్యాటు పట్టాలి, బంతి ఎవరికి ఇవ్వాలి అనే భారం ప్రధానంగా సారథిదే. తోడుగా ఒక మేనేజరు ఉండేవారు. కనుక నేడు కోచ్ మీద పడే నింద ఆనాడు సారథి మీద పడేది.

అటువంటి నింద విచారణ సంఘం దాకా వెళ్ళిన సందర్భం ఒకటి 1936లో సంభవించింది. ఆ వివాదంలో ప్రజలు ఎదురెదురుగా నిలిపి చూసిన ఇద్దరు ప్రముఖులూ తెలుగువారే. విచారణకు అధ్యక్షత వహించినవారు బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. కనుక ముంబయి తెలుగు పాఠశాల సంచికలో ఆ చరిత్రను ముచ్చటించుకోవడం అసందర్భం కాదనుకుంటాను.

ఇద్దరిలో పెద్దవారు కొఠారి కనకయ్య నాయుడు. లోకానికి సి.కె. నాయుడు. 1895 అక్టోబరు 31న నాగపూరులో జన్మించారు. ఆయన పూర్వులు తెలుగుదేశం విడిచి మరాఠీ, హిందీ మాటలు వినిపించే ఆ నగరంలో స్థిరపడ్డారు. తాత న్యాయవాదిగా పేరు గడించినవారు. తట్టా పారా చేతబట్టి బొంబాయికి వచ్చి ఈ నగరపు కట్టడాలకు రాళ్ళెత్తిన మన కామాటీల కథకూ, ఆ కుటుంబపు కథకూ సంపదలో పోలిక లేదు. అయినా పరభాషా ప్రాంతంలో పుట్టి పెరిగి, ఇంటిపేరుతోనే తెలుగువాడని గుర్తింపబడడం ఎటువంటిదో ఈ సంచిక చదివేవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

నాయుడుగారిని దేశానికి చూపించినది బొంబాయి నగరమే. 1926 డిసెంబరు 1న బాంబే జింఖానా మైదానంలో, ఆర్థర్ గిల్లిగన్ సారథ్యాన వచ్చిన ఎం.సి.సి. జట్టుపై హిందూ జట్టు తరఫున ఆయన 116 నిమిషాలలో 153 పరుగులు చేశారు. అందులో సిక్సర్లు 11. ఆ మైదానం మన పేటకు ఎంతో దూరం కాదు, నడకకు అలవాటుపడ్డ కాళ్ళకు గంట దారి. చెట్లపైనా మేడలపైనా జనం ఎక్కి చూశారని ఆనాటి ముచ్చట. అతిథి జట్టు ఆయనకు వెండి బ్యాటును బహూకరించింది. భారతదేశానికి టెస్టు హోదా లభించిన కథలో ఆ రోజుకు ప్రత్యేక స్థానం ఉన్నది.

రెండవవారు విజయనగరం పూసపాటి వంశీయులు, మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు. క్రికెట్ లోకం ఆయనను విజ్జీ అని పిలిచింది. 1905 డిసెంబరు 28న జన్మించారు. జ్యేష్ఠ కుమారుడు కాకపోవడం చేత సంస్థానం అన్నగారికి దక్కగా, ఈయన కాశీలోని కుటుంబ ఎస్టేటుకు తరలిపోయారు. ఆటపై ఆయనకు గల మక్కువ నిజమైనది. 1930-31లో జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ వంటి ఉద్దండులను మన దేశానికి రప్పించి తన జట్టులో ఆడించినవారు ఆయనే. అంతటి ఆటను మనవారి కళ్ళముందు ఉంచినందుకు ఆయనకు ఋణపడవలసినదే. అయితే మక్కువ వేరు, నేర్పు వేరు. ఆటగాళ్ళను పోషించినవాడు ఆటగాళ్ళను నడపగలడనే భ్రమ ఆనాటి సంస్థానాధీశుల కాలంలో సర్వసాధారణం.

1932లో భారత జట్టు మొదటి టెస్టుకు ఇంగ్లండు వెళ్ళినపుడు సారథిగా పోర్‌బందర్ మహారాజును నియమించారు. ఆ మహారాజు తన ఆట ఏపాటిదో ఎరిగినవారు. జూన్ 25న లార్డ్స్‌లో టెస్టు ఆరంభమయ్యే వేళకు తాను తప్పుకొని పగ్గాలు నాయుడుగారి చేతికి ఇచ్చారు. ఈ వివేకానికి చరిత్రలో దక్కవలసినంత మెప్పు దక్కలేదని నా అభిప్రాయం. నాయుడుగారి క్రమశిక్షణ గిట్టని కొందరు ఆటగాళ్ళు ఆ టెస్టు వేకువన మహారాజును నిద్రలేపి, ఆయన క్రింద ఆడబోమని మొండికేశారని కూడా చెబుతారు. నాయుడుగారు మాట కటువు మనిషి. అందరికీ ఇష్టుడైన సారథి ఎన్నడూ కాదు. ఆ టెస్టులో మనవారు 158 పరుగుల తేడాతో ఓడిపోయారు. తిరిగి 1933-34లో డగ్లస్ జార్డీన్ జట్టు వచ్చినపుడు కూడా నాయుడుగారే సారథి. బొంబాయిలో ఓటమి, కలకత్తాలో డ్రా, మద్రాసులో ఓటమి. ఈ లెక్క పాఠకులు మనసులో ఉంచుకోగోరుతాను.

1936 పర్యటనకు సారథి ఎవరన్న చర్చలో మూడు పేర్లు ప్రధానంగా వినిపించాయి. మొదట పటౌడీ నవాబు. ఇంగ్లండు తరఫున టెస్టు సెంచరీ చేసిన ఘనుడు. ఆయన అనారోగ్య కారణాన తప్పుకొన్నారు. మిగిలినవారు నాయుడు, విజ్జీ. నాయుడుగారికి అప్పటికే నలభై నిండింది, పైగా ఆయనంటే పడనివారు జట్టులోనే ఉన్నారు. విజ్జీకి వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు ప్రాపు ఉన్నది, క్రికెట్ బోర్డులో ఓట్లు ఉన్నాయి. ఆట నేర్పు తప్ప తక్కినవన్నీ ఉన్నాయి. బోర్డు ఆయనను ఎన్నుకొన్నది.

ఆ పర్యటన కథ తలచుకుంటే నేటికీ బాధ కలుగుతుంది. జట్టు రెండుగా చీలింది. సారథికి అనుకూలంగా మసలినవారికి కానుకలు, కిట్టనివారికి నిరీక్షణ. బ్యాటింగు వరుస ఏ రోజుకు ఆ రోజు మారిపోయేది. ఈ చీలికకు బలియైనవారిలో మొదటివారు లాలా అమర్‌నాథ్. ఎసెక్స్ జట్టుపై రెండు ఇన్నింగ్స్‌లలోనూ సెంచరీలు చేసి మంచి ఊపులో ఉన్న యువకుడు. లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్ జట్టుతో ఆట జరుగుతుండగా, ప్యాడ్లు కట్టుకొని సిద్ధంగా ఉండమని చెప్పి, ఒకరి తరువాత ఒకరిని ఆయనకంటె ముందుగా పంపుతూ పోయారు. చివరకు దినాంతాన కొద్ది నిమిషాలు మిగిలినపుడు ఆయన వంతు వచ్చింది. తిరిగి వచ్చి విశ్రాంతి గదిలో ప్యాడ్లు విసరివేసి పంజాబీలో ఏదో అన్నారు. అన్నది తప్పే. తోటి ఆటగాళ్ళు క్షమించమని అడిగినా సారథి, మేనేజరు మేజర్ బ్రిటన్ జోన్స్ వినలేదు. మొదటి టెస్టు కూడా ఆడకముందే అమర్‌నాథ్‌ను ఓడ ఎక్కించి ఇంటికి పంపారు.

ఆయన లేని టెస్టులో ఏమి జరిగిందో చూడండి. లార్డ్స్‌లో మనవారు 147 పరుగులకే ఔటైనా, అమర్ సింగ్ 35 పరుగులకు 6 వికెట్లు తీసి ఇంగ్లండును 134కు కూల్చారు. ఇంగ్లండు గడ్డ మీద మనకు 13 పరుగుల ఆధిక్యం! రెండవ ఇన్నింగ్స్‌లో నిలబడే బ్యాటు ఒకటి ఉన్నా కథ వేరుగా ఉండేది. 93కే కుప్పకూలి, తొమ్మిది వికెట్ల తేడాతో ఓడిపోయారు.

మాంచెస్టరులో విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ మొదటి వికెట్టుకు 203 పరుగులు జోడించి పరువు నిలిపారు. ఆ జోడీ బరిలోకి దిగే ముందు, మర్చంట్‌ను రనౌట్ చేయమని సారథి తనకు సూచించారని ముస్తాక్ అలీ తరువాతి కాలంలో చెప్పిన మాట ప్రసిద్ధం. ఓవల్‌లో బకా జిలానీ అనే ఆటగానికి టెస్టు స్థానం దక్కింది. ఉదయపు ఫలహారం వేళ నాయుడుగారిని నలుగురిలో అవమానించినందుకే ఆ బహుమతి అని చెప్పుకుంటారు. అదే టెస్టు రెండవ ఇన్నింగ్స్‌లో నాయుడుగారు 81 పరుగులు చేశారు. అది ఆయన చివరి టెస్టు. ఆట మళ్ళీ తొమ్మిది వికెట్ల ఓటమి. మూడు టెస్టులలో సారథిగారి మొత్తం పరుగులు 33, సగటు 8.25. ఆ పర్యటనలో ఉండగానే ఆయనకు సర్ బిరుదు లభించింది. ఓడిపోతున్న సేనాపతికి అంతటి గౌరవం జరగడం అరుదైన విషయమే.

జట్టు తిరిగి వచ్చాక దేశమంతటా దుమారం రేగింది. బోర్డు విచారణ సంఘం వేయక తప్పలేదు. అధ్యక్షులు సర్ జాన్ బోమాంట్, బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. 1937 జనవరిలో వెలువడిన నివేదిక మెతకగా లేదు. ఫీల్డర్లను ఎక్కడ నిలపాలో, బౌలర్లను ఎప్పుడు మార్చాలో సారథికి తెలియదనీ, స్థిరమైన బ్యాటింగు వరుస అంటూ పాటించలేదనీ, మంచి ఆటగాళ్ళు వారాల తరబడి ఖాళీగా కూర్చున్నారనీ తేల్చింది. అమర్‌నాథ్‌పై మోపిన అపవాదును తొలగించింది. విజ్జీ మళ్ళీ టెస్టు ఆడలేదు.

ఇక పైన చెప్పిన లెక్కను ఇప్పుడు తీసి చూద్దాం. 1933-34లో నాయుడుగారి జట్టు మూడింట రెండు ఓడింది, ఒకటి డ్రా. 1936లో విజ్జీ జట్టు కూడా మూడింట రెండు ఓడింది, ఒకటి డ్రా. ఫలితం అక్షరాలా ఒక్కటే. మొదటి ఓటమికి విచారణ లేదు, రెండవదానికి ప్రధాన న్యాయమూర్తి కావలసి వచ్చింది. ఇది పక్షపాతమా? కాదనే నా వాదం. గెలుపోటములకు సారథి పూర్తి బాధ్యుడు కాడు. ఎదుటి జట్టు బలం, వాన, నాణెం పడిన తీరు ఆయన చేతిలో లేవు. తన చేతిలో పెట్టిన మనుషులతో ఎలా మసలాడు అన్నది మాత్రం పూర్తిగా ఆయన చేతిలోనిదే. నాయుడుగారు తన మనుషులతో కటువుగా ఉన్నారు, కాని గెలవడానికే ఆడించారు. విజ్జీ తన జట్టులో సగాన్ని తన పగవారిగా చూశారు. బోమాంట్ సంఘం తప్పుపట్టిన అంశాలలో పరుగుల లెక్క కంటె ఈ నడవడి లెక్కే పెద్దది.

అయినా ఆ విచారణలో ఒక వెలితి నాకు తోస్తుంది. ముప్పై ఏళ్ళ ఆ రాజకుమారుడు తనంతట తాను సారథి కాలేదు. ఆయన ఆట ఏమిటో తెలిసి కూడా ఓటు వేసినవారు ఉన్నారు. వైస్రాయి మెప్పుకోసం చేతులెత్తినవారు ఉన్నారు. వైఫల్యం బయటపడ్డాక నింద ఒక్క తలపైకి నెట్టివేసి, ఎన్నుకున్నవారు ప్రేక్షకులలో కలిసిపోవడం క్రికెట్‌కు మాత్రమే పరిమితమైన అలవాటు కాదు. పాఠశాలల కమిటీలలో, సంఘాలలో పనిచేసినవారికి ఈ మాట కొత్త కాదు.

తరువాతి కథ క్లుప్తంగా చెబుతాను. విజ్జీ 1954లో అదే క్రికెట్ బోర్డుకు అధ్యక్షులయ్యారు, 1960లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు, వ్యాఖ్యాతగా పేరు తెచ్చుకున్నారు, 1965 డిసెంబరులో కన్నుమూశారు. విశ్వవిద్యాలయాల జోనల్ జట్లు విజ్జీ ట్రోఫీ కోసం పోటీపడ్డాయి. నాయుడుగారు 1953-54లో, యాభై ఎనిమిదవ ఏట, ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ ట్రోఫీలో దిగినపుడు దానికి సారథ్యం వహించారు. నాగపూరు తెలుగువాడు తాతల నేల పేరు మోసిన జట్టును నడిపించిన ఆ ఘట్టం మనవంటి ప్రవాసులకు ప్రత్యేకంగా తీపి. 1967 నవంబరులో ఆయన ఇండోరులో పరమపదించారు.

ఓడ ఎక్కించి పంపబడిన అమర్‌నాథ్ 1947-48లో స్వతంత్ర భారతపు మొదటి జట్టుకు సారథియై ఆస్ట్రేలియా వెళ్ళారు. డాన్ బ్రాడ్‌మన్ జట్టు చేతిలో ఐదు టెస్టులలో నాలుగు ఓడి తిరిగి వచ్చారు. మరుసటి సంవత్సరం వెస్టిండీస్ జట్టు మన దేశానికి వచ్చినపుడు కూడా సారథ్యం ఆయనకే ఇచ్చారు.