పచ్చకొండ దిగే విద్య

ఒమాన్‌లోని జబల్ అఖ్దర్‌కు దారి పడిన చరిత్ర, ఆ దారిన దిగే డీజిల్ బండిని పట్టి ఉంచే ఇంజిన్ బ్రేకు చరిత్ర

మస్కట్ నుంచి నిజ్వా వెళ్లేటప్పుడు, నిజ్వా ఇంకాసేపట్లో వస్తుందనగా బిర్కత్ అల్ మౌజ్ అనే ఊరు తగులుతుంది. ఒమాన్‌లో యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన ఐదు ఫలజ్ కాలువల్లో ఒకటైన ఫలజ్ అల్ ఖత్మైన్ ఈ ఊరి తోటలనే తడుపుతోంది. ఊరు దాటి కొండ వైపు మళ్లగానే పోలీసు చెక్‌పోస్టు ఉంటుంది. ఫోర్ వీల్ డ్రైవ్ లేని బండిని అక్కడి నుంచి పైకి పంపరు. పైకి వెళ్లేది రాళ్ల బాటేమీ కాదు, వెడల్పాటి తారు రోడ్డు. మామూలు కారుకైనా దాన్ని ఎక్కే బలం ఉంటుంది. ఆ కట్టడి ఎందుకో తెలియాలంటే అదే దారిన దిగి చూడాలి. దిగే వైపు అక్కడక్కడా రోడ్డు పక్కన ఎత్తుగా పైకి లేచిన దారులు కనిపిస్తాయి. బ్రేకులు పోయిన బండి వాటి మీదికెక్కి ఆగిపోవాలని కట్టినవి అవి.

జబల్ అఖ్దర్ అంటే పచ్చకొండ. దాని మీద సుమారు 2,000 మీటర్ల ఎత్తున సైఖ్ పీఠభూమి ఉంది. మెట్లు మెట్లుగా చెక్కిన పొలాల్లో దానిమ్మలు, గులాబీలు పండుతాయి. వసంతంలో గులాబీ రేకులను బట్టీలో పెట్టి పన్నీరు తీస్తారు. ఈ కొండ గురించి రాసిన వాళ్లలో ఎక్కువమంది ఎక్కడం గురించే రాశారు. ఎక్కిన బండి క్షేమంగా దిగగలిగినప్పుడే ఏ కొండకైనా నిజంగా దారి పడినట్టు. ఆ దిగే విద్యను మనిషి నేర్చిన తీరు కూడా చెప్పుకోదగ్గ చరిత్రే.

గాడిదల బాట నుంచి తారు రోడ్డు దాకా

ఈస్టిండియా కంపెనీ నౌకాదళంలో పనిచేసిన లెఫ్టినెంట్ జేమ్స్ వెల్‌స్టెడ్ 1835 చివర్లో ఇక్కడికి వచ్చాడు. 1838లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో ఈ కొండ మీది తోటల గురించి వివరంగా రాశాడు. అప్పటికీ, ఆ తర్వాత నూరేళ్లు గడిచాక కూడా, పైకి తీసుకెళ్లేవి రాతిలో తొలిచిన మెట్లూ గాడిదల బాటలే.

1950ల్లో ఇమామ్ గాలిబ్ బిన్ అలీ పక్షం సుల్తాన్ సయీద్ బిన్ తైమూర్ మీద తిరగబడినప్పుడు, ఆ ఇరుకు బాటలే కొండకు కోటగోడలయ్యాయి. ఒక్కో కనుమను కొద్దిమంది కాపలా కాస్తే చాలు, పెద్ద సైన్యం కూడా కదల్లేకపోయేది. చివరికి 1959 జనవరిలో ఎస్ఏఎస్ అనే బ్రిటిష్ ప్రత్యేక దళాలు రాత్రికి రాత్రి నిట్టనిలువు చరియలు ఎక్కి పీఠభూమిని పట్టుకున్నాయి. సైనిక చరిత్రకారులు నేటికీ చెప్పుకునే ఆరోహణ అది.

1970 జూలై 23న సుల్తాన్ ఖాబూస్ పాలన చేపట్టే నాటికి దేశం మొత్తంలో తారు రోడ్డు పది కిలోమీటర్లకు మించి లేదు. అక్కడి నుంచి ముప్పై నలభై ఏళ్లలోనే ఎడారినీ కొండనూ చీల్చుకుంటూ వేల కిలోమీటర్ల రహదారులు వచ్చాయి. వాటిని వేసిన కూలీల్లో, మేస్త్రీల్లో, టిప్పర్లు నడిపిన డ్రైవర్లలో భారతీయులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన మనవాళ్లూ వారిలో ఉన్నారు. పచ్చకొండ మీదికి తారు రోడ్డు మాత్రం ఆలస్యంగా, ఈ శతాబ్దం తొలి దశకంలో వచ్చింది. చాలాకాలం సైనిక ప్రాంతంగా మూసి ఉన్న కొండ అప్పుడే పర్యాటకులకు తెరుచుకుంది.

వేడి ఎటు పోవాలి?

బిర్కత్ అల్ మౌజ్ కంటే సైఖ్ దాదాపు 1,300 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఐదు టన్నుల బండి ఆ ఎత్తు నుంచి కిందికి వచ్చేసరికి, ఎక్కేటప్పుడు కూడబెట్టుకున్న శక్తినంతా ఎక్కడో ఒకచోట వదిలిపెట్టాలి. లెక్క వేస్తే అది ఆరు కోట్ల జౌళ్లు దాటుతుంది. సుమారు 200 లీటర్ల నీళ్లను మరిగించడానికి సరిపోయే వేడి అన్నమాట. కాలు బ్రేకు మీదే ఉంచి దిగితే, ఆ వేడిలో చాలా భాగాన్ని నాలుగు చక్రాల దగ్గరి డిస్కులూ డ్రమ్ములూ లైనర్లే భరించాలి. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది. లైనరు పట్టు కోల్పోతుంది. బ్రేకు ద్రవం మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుట్టి, పెడల్ నేలకు తగిలినా బండి ఆగదు. డాట్ 4 రకం ద్రవం కొత్తలో 230 డిగ్రీల దాకా మరగదు. కాలం గడిచేకొద్దీ గాల్లోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఆ హద్దు 155 డిగ్రీల దాకా దిగిపోవచ్చు. కొండ దిగే ముందు బ్రేకు ద్రవం వయసు చూసుకోమని మెకానిక్కులు చెప్పేది ఇందుకే.

అందుకని ఆ భారంలో కొంత ఇంజిన్‌కు అప్పగించాలి. ఇక్కడే డీజిల్‌తో చిక్కు. పెట్రోలు ఇంజిన్‌లో యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే గాలి వచ్చే దారి మూసుకుంటుంది. మూసిన దారి గుండా గాలి పీల్చుకోవడానికి పిస్టన్లు కష్టపడాలి. ఆ కష్టమే గేర్ల ద్వారా చక్రాలను వెనక్కి పడుతుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో విజయవంతంగా నడిపి చూపిన ఇంజిన్‌ది వేరే పద్ధతి. అందులో వేగాన్ని అదుపు చేసేది ఇంధనం. గాలి దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పిస్టన్ పైకి వస్తూ గాలిని గట్టిగా నొక్కుతుంది, నిజమే. కానీ నొక్కుడుపడిన ఆ గాలి వెంటనే పిస్టన్‌ను కిందికి తోసి, తీసుకున్న శక్తిలో ఎక్కువ భాగాన్ని తిరిగి ఇచ్చేస్తుంది. బరువు లాగడంలో మేటి అయిన డీజిల్‌కు, ఆ బరువును వాలులో పట్టి ఉంచే గుణం పుట్టుకతో తక్కువ.

కహోన్ కనుమలో నేర్చిన పాఠం

ఈ లోటును తీర్చే తొలి ఉపాయం పొగ గొట్టంలో దొరికింది. గొట్టానికి అడ్డంగా ఒక రేకు తలుపు పెట్టి, దిగేటప్పుడు దాన్ని మూస్తే, పిస్టన్లు పొగను బయటికి నెట్టలేక బండి నెమ్మదిస్తుంది. దీన్నే మన లారీ డ్రైవర్లు ఎగ్జాస్ట్ బ్రేక్ అంటారు. కొండల దేశమైన స్విట్జర్లాండ్‌లో సౌరర్ కంపెనీ ఇంజిన్‌తోనే బండిని నెమ్మదింపజేసే ప్రయత్నాలను గత శతాబ్దం తొలి ఏళ్లలోనే మొదలుపెట్టింది.

రెండో ఉపాయం ప్రాణాపాయం లోంచి పుట్టింది. అమెరికాలో డీజిల్ ఇంజిన్ల కంపెనీ పెట్టిన క్లెస్సీ కమిన్స్ 1931లో తన ఇంజిన్ సత్తా చాటాలని న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు లారీలో బయల్దేరాడు. కాలిఫోర్నియాలోని కహోన్ కనుమ దిగుతుండగా బ్రేకులు వేడెక్కి పట్టు వదిలాయి. కింద రోడ్డుకు అడ్డంగా గూడ్సు రైలు వెళ్తోంది. దాని చివరి పెట్టె అలా దాటిందో లేదో లారీ పట్టాల మీదుగా దూసుకుపోయింది. కమిన్స్ ఆ క్షణాన్ని మరచిపోలేదు. పాతికేళ్ల తర్వాత, కంపెనీ బాధ్యతలు వదిలి విశ్రాంతి తీసుకుంటున్న వయసులో, దానికి జవాబు కనిపెట్టాడు.

ఆ జవాబు సూటిగా ఉంటుంది. పిస్టన్ గాలిని పూర్తిగా నొక్కి పైకి చేరే వేళకు ఎగ్జాస్ట్ వాల్వును ఒక్క క్షణం తెరవాలి. నొక్కుడుపడిన గాలి బయటికి పోతుంది. ఇక పిస్టన్‌ను తిరిగి తోసేదేమీ ఉండదు. కొండవాలు ఇచ్చిన శక్తి గాలి నొక్కడానికే ఖర్చయి, పొగ గొట్టం ద్వారా వెళ్లిపోతుంది. కాసేపు ఇంజిన్ బండిని నడపడం మానేసి, చక్రాల చేత తిప్పించుకునే గాలి పంపుగా మారుతుంది. వాల్వును సరైన వేళకు తెరిచే కదలిక తన ఇంజిన్‌లోని ఇంజెక్టర్ యంత్రాంగంలో అప్పటికే ఉందని కమిన్స్ గమనించాడు. డ్రిల్లు యంత్రాల చక్‌లు తయారు చేసే జేకబ్స్ కంపెనీ 1961లో దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. లారీ నడిపే వాళ్లలో చాలామంది ఇప్పుడు దాన్ని జేక్ బ్రేక్ అంటారు.

ఇల్లు మోసుకొచ్చే బండ్లు

పడకా వంటగదీ నీళ్ల ట్యాంకూ అన్నీ లోపలే ఉన్న డీజిల్ మోటార్‌హోమ్‌లు ఇప్పుడు ఒమాన్‌లో తరచుగా కనిపిస్తాయి. ఎక్కువగా యూరప్ నుంచి వస్తాయి. ఎడారిలో, సముద్రం ఒడ్డున గుడారం వేసుకునే వాళ్లను ఈ దేశం ఆదరిస్తుంది. రుబ్ అల్ ఖాలీ ఎడారి మీదుగా సౌదీని కలిపే రహదారి 2021 డిసెంబరులో తెరుచుకున్నాక రాకపోకలు ఇంకా సులువయ్యాయి. మామూలు మోటార్‌హోమ్‌కు పచ్చకొండ చెక్‌పోస్టు దాటే వీల్లేదు. యునిమాగ్ లారీ వంటి నాలుగు చక్రాల లాగుడున్న బండ్ల మీద కట్టినవే పైకి వెళ్లగలవు.

ఇలాంటి బండికి దిగడమే అసలు పరీక్ష. ఇంటి పెట్టె బరువంతా రోజూ మోయాలి. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. ఎత్తు ఎక్కువ కాబట్టి మలుపులో ఒరుగుతుంది. యునిమాగ్ వంటి లారీలకు ఎగ్జాస్ట్ తలుపు ఉంటుంది. కొన్ని కొత్త ఇంజిన్లలో టర్బో రెక్కలే మూసుకుని ఆ పని చేస్తాయి. చిన్న వ్యాన్ల మీద కట్టిన చాలా మోటార్‌హోమ్‌లలో ఇవేవీ ఉండవు. అప్పుడు డ్రైవరు చేతిలో ఉన్నది గేరు ఒక్కటే.

తిరుమల మనకు నేర్పింది ఇదే. 1944లో తెరిచిన తొలి ఘాట్ రోడ్డును, 1974లో రెండోది వచ్చాక, దిగడానికే కేటాయించారు. దాదాపు 19 కిలోమీటర్లలో 36 వంపులున్న ఆ దారిన మన బస్సు డ్రైవర్లు తరాలుగా భక్తులను గేరులోనే దింపుతున్నారు. ఎక్కిన గేరులోనే దిగాలన్న వాళ్ల మాట పచ్చకొండకూ సరిపోతుంది. ఇప్పటి బలమైన ఇంజిన్లు పెద్ద గేరులోనూ ఎక్కేస్తాయి కాబట్టి, దిగేటప్పుడు ఇంకో గేరు తగ్గించుకోవడం మేలు.

గేరు నిర్ణయం కొండ అంచునే, వాలు మొదలవక ముందే జరగాలి. వేగం పెరిగాక గేరు దించబోతే అది పడకపోవచ్చు. మధ్యలో న్యూట్రల్‌లో చిక్కుకుంటే ఇంజిన్ సాయం పూర్తిగా పోతుంది. ఆటోమేటిక్ బండిలోనైనా గేరును చేత్తో ఎంచుకుని అక్కడే నిలపాలి. అప్పటికీ వేగం పెరుగుతుంటే బ్రేకును గట్టిగా ఒకసారి నొక్కి, వేగం తగ్గాక పూర్తిగా వదిలేయాలి. వదిలిన ఆ వ్యవధిలోనే డ్రమ్ము చల్లబడుతుంది. ఇంజిన్ తిరుగుడు ఎర్ర గీత దాటకుండా చూసుకోవాలి. వాలులో ఇంజిన్‌ను తిప్పేది చక్రాలే కాబట్టి, ఇంధనం ఆపేసినా దాని వేగం హద్దు మీరవచ్చు.

ఒక్క హెచ్చరిక కూడా ఉంది. ఒమాన్ దక్షిణాన సలాలా నుంచి థుమ్రైత్ వెళ్లే కొండ దారి ఒకటి ఉంది. ఆ దారిన భారీ లారీలు వరుస కడతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఖరీఫ్ అనే అక్కడి వానకాలపు మంచూ తుంపరా కమ్ముకున్నప్పుడు అక్కడ రోడ్డు జారుతుంది. తడి రోడ్డు మీద ఇంజిన్ బ్రేకు ఒక్కసారిగా పట్టుకుంటే అది నడిపే చక్రాలు జారిపోవచ్చు. అలాంటప్పుడు బలమైన ఇంజిన్ బ్రేకు కన్నా తక్కువ వేగమే ఎక్కువ రక్ష.

ఈద్ సెలవుల్లో మస్కట్ నుంచి పిల్లాపాపలతో పచ్చకొండ చూడబోయే తెలుగు కుటుంబాలకు ఈ చరిత్ర ఉత్త కాలక్షేపం కాదు. కిరాయికి తీసుకునే బండి ఎంత బలంగా ఎక్కుతుందో అందరూ అడుగుతారు. దిగేటప్పుడు తక్కువ గేరును చేత్తో ఎలా ఎంచుకోవాలో కూడా తాళం చేతికి తీసుకునే ముందే అడిగి తెలుసుకోవాలి. కమిన్స్‌కు ఆ విద్య అందడానికి పాతికేళ్లు పట్టింది. మనకు అది ఒక్క ప్రశ్న దూరంలో ఉంది.