పక్కన పెట్టిన మందు మళ్లీ పడక దగ్గరికి

ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న వృద్ధుడి కల్చర్ రిపోర్టులో ఒక్కోసారి మందుల పేర్లకు ఎదురుగా వరసగా 'ఆర్' అనే అక్షరమే కనిపిస్తుంది. క్రిమి ఆ మందుకు లొంగదని దానర్థం. అప్పుడు డాక్టరు చూపు కోలిస్టిన్ మీద పడుతుంది.

ఇది కొత్త మందేం కాదు. 1940ల చివర్లో జపాన్‌లో మట్టి బ్యాక్టీరియా నుంచి తీశారు. కిడ్నీలనూ నరాలనూ దెబ్బతీస్తోందని 1970లలో మూలన పడేశారు.

ఈలోగా ఐసీయూలు పెరిగాయి. 1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో విజృంభించినప్పుడు వైద్య విద్యార్థులు వంతులవారీగా కూర్చుని, రోగి గొంతులోని గొట్టానికి తగిలించిన సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించారు. ఆ పద్ధతి తెచ్చిన బ్యోర్న్ ఇబ్సెన్ మరుసటి ఏడే ఐసీయూకు రూపమిచ్చాడు. ప్రాణం నిలిపే ఆ గొట్టమే ఊపిరితిత్తుల్లోకి క్రిములకూ దారైంది. మూత్రం కోసం పెట్టే కాథెటర్, పెద్ద రక్తనాళంలోకి వేసే సెంట్రల్ లైన్ సంగతీ అంతే. దగ్గి కఫం బయటికి తెచ్చుకోలేని ముసలివాళ్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ.

1985లో అమెరికాలో ఇమిపెనెమ్ వచ్చాక, అది చెందిన కార్బపెనెమ్‌లనే యాంటీబయాటిక్సే పెద్ద దిక్కయ్యాయి. వాటినీ ముక్కలు చేసే ఎన్‌డీఎం-1 ఎంజైమ్ 2008లో, ఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ వెళ్లిన రోగిలో బయటపడింది. ఎన్‌డీఎంలో 'ఎన్‌డీ' అంటే న్యూఢిల్లీ. పేరులో ఢిల్లీ ఎందుకని మనవాళ్లు చేసిన రగడలో సగమైనా ఆస్పత్రుల్లో చేతుల శుభ్రత మీద జరిగి ఉండాల్సింది.

ఇలా కార్బపెనెమ్‌లూ పనిచేయని చోట కోలిస్టిన్ వాడకం మళ్లీ పెరిగింది. కానీ వయసుతో కిడ్నీల శక్తి తగ్గుతుంది. కండ కరిగిన ముసలివాళ్లలో, కిడ్నీల పనితీరును అంచనా వేయడానికి చూసే క్రియాటినిన్ తక్కువగానే తయారవుతుంది కాబట్టి రిపోర్టు మామూలుగానే కనిపిస్తుంది. దాన్ని నమ్మి డోసు వేస్తే ఇన్‌ఫెక్షన్ తగ్గినా డయాలసిస్ తప్పకపోవచ్చు.

పైగా ఈ మందును పశువులు, కోళ్లు త్వరగా బరువెక్కాలని దాణాలోనూ కలిపారు. 2015లో చైనాలో పందుల్లోనూ మనుషుల్లోనూ కోలిస్టిన్‌ను తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువు దొరికింది. ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి తేలిగ్గా పాకే రకం అది. మాంసం, పాలు, గుడ్లిచ్చే జీవాలకు ఈ మందు వాడకూడదని భారత్ 2019లో నిషేధించింది.

2016లో అమెరికాలోని నెవాడాలో డెబ్బై దాటిన ఒకావిడ చనిపోయారు. తొడ ఎముక విరిగి అంతకుముందు భారత్‌లో ఆస్పత్రుల్లో చికిత్స పొందారు. ఆమెకు సోకిన క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాను అక్కడ దొరికే 26 యాంటీబయాటిక్స్‌తో పరీక్షిస్తే ఒక్కటీ పనిచేయలేదు.

2015లో అమెరికాలో వచ్చిన సెఫ్టాజిడైమ్-అవిబాక్టామ్ అనే మందు కూడా ఒంటరిగా ఎన్‌డీఎం ముందు నిలవదు. అందుకే ఆ ఎంజైమ్ ముక్కలు చేయలేని అజ్‌ట్రియోనామ్‌ను దానికి జత చేస్తున్నారు. అదీ 1980ల నాటి మందే.