మందు దిగిపోయే ఆ రాత్రి కథ

మాది నల్లగొండ జిల్లా కేతేపల్లి, మూసీ ప్రాజెక్టు పక్కనే. పోయినేడు మా నాయనమ్మకు భుజం దగ్గర ఎముక విరిగి ఆపరేషన్ అయింది. మెడ దగ్గర ఒక ఇంజెక్షన్ ఇస్తే చెయ్యంతా మొద్దుబారింది. "నొప్పే లేదు బిడ్డా" అని నవ్వింది. రాత్రి రెండింటికి మందు దిగిపోయింది. ఇగ తెల్లారేదాకా ఒకటే ఏడుపు.

ఆ ఇంజెక్షన్ పేరు నర్వ్ బ్లాక్. నొప్పి కబురు మోసే నరాన్ని కాసేపు ఆపుతుంది. ఆ 'కాసేపు'ను ఎట్లా పొడిగించాలన్నదే ఈరోజు మన కథ.

1884లో వియన్నా డాక్టర్ కార్ల్ కోలర్ కొకైన్ చుక్కలతో కన్ను మొద్దుబార్చాడు. కొద్ది నెలల్లోనే అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ నరాల దగ్గరే మందు ఎక్కించాడు. కానీ రక్తం ఆ మందును తొందరగా లాక్కుపోయేది. అందుకే జర్మనీ సర్జన్ హైన్‌రిష్ బ్రౌన్ 1903లో దానికి అడ్రినలిన్ కలిపాడు. రక్తనాళాలు ముడుచుకున్నాయి, మందు ఎక్కువసేపు నిలిచింది.

తర్వాత స్టెరాయిడ్లు వచ్చాయి. 1948లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతానికి కార్టిసోన్ వాడాడు, 1950లో నోబెల్ అందుకున్నాడు. ఆ కుటుంబంలోదే డెక్సామెథసోన్, మనం కోవిడ్‌లో విన్న మందే. దాన్ని బ్లాక్‌లో కలిపితే మొద్దుబారడం సుమారు ఆరేడు గంటలు పెరుగుతుందని 2017 కోక్రేన్ సమీక్ష తేల్చింది. ట్విస్ట్ ఏంటంటే, నరం పక్కన కాకుండా సెలైన్ ఎక్కించినట్టు రక్తంలోకి ఇచ్చినా దాదాపు అంతే ఫలితం! మరి నరం దగ్గరే ఎందుకు పెట్టాలి? డాక్టర్ల మధ్య ఈ చర్చ ఇంకా నడుస్తోంది.

ఇట్లాంటి చర్చ మన హైదరాబాద్‌లోనూ జరిగింది. 1888, 1889లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చుతో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ క్లోరోఫామ్ కమిషన్లు నడిపాడు. శ్వాస చూసుకుంటే చాలు, గుండెకు నేరుగా ముప్పు లేదన్నాడు. క్లోరోఫామ్‌తో గుండె కూడా హఠాత్తుగా ఆగొచ్చని 1911లో లెవీ ప్రయోగాల్లో చూపించాడు. ఎంత గట్టిగా నమ్మినా, మళ్లీ పరీక్షించాల్సిందే.

మా నాయనమ్మకు షుగర్ ఉంది. స్టెరాయిడ్ షుగర్‌ను పెంచుతుంది. అందుకే మీ ఇంట్లో ఎవరికైనా బ్లాక్ ఇస్తుంటే డాక్టర్‌ను మూడు మాటలు అడగండి: ఇది ఎన్ని గంటలు ఉంటుంది? ఇందులో ఏం కలుపుతున్నారు? మందు దిగకముందే నొప్పి గోలీ ఎప్పుడు వెయ్యాలి? ఆ రాత్రి నేను మూడోది అడిగి ఉంటే బాగుండేది.