ఖాళీ వాల్యూములు, సిరిసిల్ల సాంచలు

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. గుజరాతీలో సాంచో అంటే యంత్రం, హిందీలో సాంచా అంటే అచ్చు. మన క్లౌడు వాళ్ళకి అచ్చు అంటే డిస్క్ ఇమేజ్. ఒక్క ఇమేజ్ పెట్టుకుని ఎన్ని వాల్యూములైనా దించుకోవడం ఇప్పుడు ఒక్క కమాండు పని. అయితే అది ఊరికే రాలేదు. సిరిసిల్లకైతే మరీ ఆలస్యంగా వచ్చింది.

ముందు మన కథ. 2008 ఆగస్టులో అమెజాన్ ఈబీఎస్ మొదలుపెట్టినప్పుడు చేతికొచ్చేది ఖాళీ డిస్కు, లేదంటే పాత స్నాప్‌షాట్ నుంచి తీసింది. మెషీన్ దాని మీంచే బూట్ కావడం 2009 డిసెంబరులో గానీ కుదరలేదు. 2010 జులైలో రాక్‌స్పేస్, నాసా కలిసి ఓపెన్‌స్టాక్ ప్రకటించాయి. బ్లాక్ స్టోరేజి అప్పుడు నోవాలో ఓ మూల పడి ఉండేది. 2012 సెప్టెంబరులో ఫోల్సమ్ విడుదలతో వేరు కాపురం పెట్టి సిండర్ అయింది. ఇమేజులేమో గ్లాన్స్ దగ్గర. అంటే అచ్చు ఒకరింట్లో, మగ్గం ఇంకొకరింట్లో!

దీని ఖర్చు తక్కువేం కాదు. ఏ సెట్టింగూ మార్చకపోతే సిండర్ ఇమేజ్ మొత్తం దించుకుని, క్యూకౌ2 అయితే రా రూపంలోకి మార్చి, వాల్యూములో రాస్తుంది. రా రూపంలో 20 జీబీ ఉండే ఇమేజ్ నుంచి 50 వాల్యూములంటే 1000 జీబీ రాత. మార్చే డైరెక్టరీలో చోటు చాలకపోతే వాల్యూము ఎర్రర్‌లో కూర్చుంటుంది. అందుకే సెఫ్ వాడేవాళ్ళు గ్లాన్స్‌నీ సిండర్‌నీ ఒకే క్లస్టరు మీద పెట్టి, ఇమేజ్‌ని రా రూపంలోనే ఎక్కించి, గ్లాన్స్‌లో డైరెక్ట్ యూఆర్ఎల్ చూపించే సెట్టింగు పెడతారు. అప్పుడు కాపీ ఉండదు, క్లోనే. 2015లో లిబర్టీతో ఇమేజ్ వాల్యూమ్ కాష్ వచ్చింది. తొలి వాల్యూముకే పూర్తి కాపీ. దాన్ని అంతర్గత ప్రాజెక్టు పేర దాచి, తర్వాతవన్నీ అందులోంచి క్లోన్ చేస్తుంది. ఇవన్నీ అచ్చుని మగ్గం దగ్గరికి తెచ్చే తంటాలే.

నిజానికి మగ్గం ఈ పని మనకంటే ముందే చేసింది. 1804లో లియాన్‌లో జకార్డ్ తన మగ్గానికి బెజ్జాల అట్టలు తగిలించాడు. ఒక్కో పేక పోగుకి ఒక్కో అట్ట. బెజ్జం ఉన్నచోట పడుగు లేస్తుంది, లేనిచోట లేవదు. 1839లో 24,000 అట్టలతో ఆయన బొమ్మనే పట్టు మీద నేశారు. అలాంటిదొకటి బాబేజ్ దగ్గర ఉండేది. ఆ అట్టల కట్ట డిస్క్ ఇమేజ్ కాక మరేమిటి? (ఒక్కటే తేడా, గుడ్డకి క్లోనింగ్ లేదు, ప్రతి మీటరూ నేయాల్సిందే :))

ఇక మనవైపు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల 2016 దాకా ఒకే కరీంనగర్ జిల్లా. అక్కడి పద్మశాలీలు నేతపనికి భివండి, సోలాపూర్, సూరత్‌లకి వలస పోయారు. జగిత్యాల, కోరుట్లల నుంచి తర్వాత గల్ఫ్ బాట పట్టినవాళ్ళే ఎక్కువ. సిరిసిల్ల మాత్రం సాంచల ఊరైంది. వేల సాంచల మీద నేసింది ఎక్కువగా సాదా పాలిస్టరు గ్రే గుడ్డ. రంగు, డిజైను, బ్రాండు పేరు అన్నీ బయట పడేవి, లాభమూ అక్కడే మిగిలేది. నా దృష్టిలో సిరిసిల్ల దశాబ్దాలపాటు ఖాళీ వాల్యూములు సప్లై చేసింది. మీటరు లెక్కన కూలీ, పైగా అప్పులు. 2000లలో అక్కడినుంచి నేతన్నల ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చేవి, గుర్తుండే ఉంటుంది.

2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరలకి ఆర్డరిచ్చింది, సుమారు కోటి చీరలు. టైము చాలక ఆ ఏడాది సగం దాకా సూరత్ నుంచి తెచ్చారు. నాసిరకమని కొన్నిచోట్ల ఆడవాళ్ళు చీరలు తగలబెట్టారు కూడా. తర్వాతి ఏళ్ళలో సాంచలకి డాబీలు బిగించి, అంచుల్లో డిజైన్లు అక్కడే నేయడం మొదలైంది. అచ్చు చివరికి మగ్గం దగ్గరికొచ్చిందన్నమాట.

2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది, 2024లో బతుకమ్మ చీరలు పంచలేదు. 2025లో ఇందిరమ్మ చీరల పేరుతో మళ్ళీ ఆర్డరొచ్చింది. ఈసారి కూడా ఇచ్చింది సర్కారే.