తాగుడు మాన్పించే వైద్యం: అడయారు, మంజక్కుడి, గోవా

మన సంఘం సహాయ నిధి నుంచి డీ-అడిక్షన్ సెంటర్‌కి కొంత ఇద్దామని సభ్యులు అడుగుతున్నారు. మంచిదే. ఎవరికివ్వాలో తేల్చుకునే ముందు ఈ వైద్యం చరిత్ర కాస్త చూద్దామని రాస్తున్నాం.

మద్రాసులో మన పెద్దల కాలంలో తాగుడు జబ్బని ఎవరనుకున్నారు? గుళ్లో ఒట్టు, తాయెత్తు, కాదంటే తన్నులు. 1979లో టి.టి. రంగనాథన్ తాగుడు వల్లే పోయారు. ఆయన భార్య శాంతి రంగనాథన్ అమెరికాలోని హేజెల్డెన్‌లో శిక్షణ పొంది, 1980లో భర్త పేరిట సంస్థ పెట్టారు. మనకందరికీ తెలిసిన అడయారు టీటీకే ఆస్పత్రి అదే. అయితే కూలికి వెళ్లేవాడు పని మానుకుని పట్నంలో వారాల తరబడి ఉండగలడా? అందుకే 1989లో తంజావూరు సీమలోని మంజక్కుడిలో ఊళ్లోనే శిబిరం మొదలుపెట్టారు. మా దృష్టిలో ఆస్పత్రి కట్టడం కన్నా అదే పెద్ద అడుగు.

వైద్యం పనిచేస్తోందని నమ్మడం వేరు, లెక్కకట్టి చూడడం వేరు. లండన్‌లో గ్రిఫిత్ ఎడ్వర్డ్స్ బృందం 100 మంది పెళ్లయిన మగవాళ్లను రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు పూర్తి చికిత్స. రెండో జట్టుకు భార్యాభర్తలను కూర్చోబెట్టి ఒక్కసారి సలహా, అంతే. ఏడాది తర్వాత రెండింటికీ పెద్ద తేడా లేదని 1977లో ప్రకటించారు. ఎందరు డాక్టర్లకు మింగుడుపడి ఉంటుందో!

మన దేశంలో అలాంటి పరీక్ష గోవాలో జరిగింది. 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, 377 మంది మగవాళ్లు, అందరిదీ పూర్తిగా ముదరని తాగుడు. వాళ్లతో మాట్లాడింది డాక్టర్లు కాదు, శిక్షణ ఇచ్చిన మామూలు మనుషులు. మూడు నెలలకు 36 శాతం మంది ప్రమాదపు తాగుడు నుంచి బయటపడ్డారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 26 శాతం. ఏడాదికి ఆ తేడా ఇంకా పెరిగింది.

ముదిరినవాళ్ల సంగతి వేరు. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. డాక్టరు లేకుండా గదిలో పెట్టి తాళం వేయడం వైద్యం కాదు. గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది కూడా.

కాబట్టి ఏ సెంటర్‌కి వెళ్లినా భవనం చూసి మురిసిపోకండి. రాత్రిపూట డాక్టరు ఎవరు, ఇంటికెళ్లినవాళ్లను ఏడాది తర్వాత ఎందరిని పలకరించారు, ఇంటి ఆడవాళ్లతో ఎన్నిసార్లు మాట్లాడారు, ఇవి అడగండి. జవాబు రాసి ఉన్న రిజిస్టరు చూపించినవాళ్ల పేర్లే కమిటీ ముందుకు తెద్దాం.