కెరోలిన్ కోసం చేసిన గ్లవ్స్

ఆపరేషన్ థియేటర్‌లో సర్జన్లు తొడుక్కునే రబ్బరు గ్లవ్స్‌ని మొదట చేయించింది రోగిని క్రిముల నుంచి కాపాడటానికి కాదు, ఒక నర్సు చేతుల మంట తగ్గించడానికి! ఈ సంగతి తెలిశాక ఆమె గురించి, చేయించిన సర్జన్ గురించి దొరికినదల్లా చదివాను.

1847లో వియన్నాలో డాక్టర్ సెమ్మెల్‌వైస్ తోటి డాక్టర్లను చేతులు కడుక్కోమన్నాడు. 1867లో సర్జన్ లిస్టర్ కార్బాలిక్ యాసిడ్‌తో క్రిముల మీద యుద్ధం ప్రకటించాడు. 1889లో అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి తెరిచేనాటికి ఆ శుభ్రత పెద్ద తంతుగా మారింది. చేతులు సబ్బుతో రుద్ది కడిగాక పర్మాంగనేట్‌లో ముంచాలి. ఆ మరక పోవడానికి వేడి ఆక్జాలిక్ యాసిడ్. ఆఖరున మెర్క్యూరిక్ క్లోరైడ్.

థియేటర్ హెడ్ నర్సు కెరోలిన్ హాంప్టన్ చర్మం దీన్ని తట్టుకోలేకపోయింది. చేతులంతా పొక్కిపోయి, ఉద్యోగమే మానుకోవాల్సిన పరిస్థితి వచ్చింది. సర్జన్ విలియం హాల్‌స్టెడ్ ఆమె చేతుల అచ్చులు తీయించి గుడ్‌ఇయర్ రబ్బర్ కంపెనీకి పంపారు. పల్చటి గ్లవ్స్ రెండు జతలు తయారై వచ్చాయి. 1890 జూన్‌లో ఇద్దరికీ పెళ్లయింది, ఆమె థియేటర్ విడిచిపెట్టారు. ఎవరి కొలతలతో గ్లవ్స్ పుట్టాయో ఆవిడ వాటిని వాడింది కొన్ని నెలలే. అంత నేర్పున్న నర్సును పెళ్లి పేరుతో ఇంటికి పంపేసిన ఆ కాలపు రివాజు మీద నాకిప్పటికీ కోపమే.

గ్లవ్స్ మాత్రం థియేటర్‌లోనే ఉండిపోయాయి. పరికరాలు అందించే సహాయకులు తొడుక్కునేవారు, కోసే సర్జన్ మాత్రం ఎప్పుడో గాని వేసుకునేవారు కాదు! హాల్‌స్టెడ్ శిష్యుడు జోసెఫ్ బ్లడ్‌గుడ్ ప్రతి ఆపరేషన్‌కీ తొడగడం మొదలుపెట్టి, 1899లో హెర్నియా ఆపరేషన్ల లెక్కలు అచ్చువేశారు. చీము పట్టడం దాదాపు 17 శాతం నుంచి 2 శాతానికి పడిపోయింది. ఇన్నేళ్లు ఇది మన కంటికి ఆనలేదేమిటని హాల్‌స్టెడ్ తర్వాత ఆశ్చర్యపోయారు.

హాల్‌స్టెడ్ మార్చింది గ్లవ్స్ ఒక్కటే కాదు, కోసే తీరు కూడా. మత్తుమందు రాకముందు ఎంత త్వరగా కోస్తే అంత గొప్ప సర్జన్. మత్తు వచ్చాకా ఆ తొందర పోలేదు. హాల్‌స్టెడ్ నిదానంగా కోసేవారు, ప్రతి రక్తనాళాన్నీ పట్టి బిగించేవారు, కండను నలగనిచ్చేవారు కాదు. అలాగని ఆయనలో లోపాలు లేవని కాదు. 1884లో కొకైన్‌తో నరాలను మొద్దుబార్చే ప్రయోగాలను తన మీదే చేసుకుని ఆ వ్యసనంలో చిక్కుకున్న మనిషి ఆయన. రొమ్ము క్యాన్సర్‌కి ఛాతీ కండరాలతో సహా తీసేసే ఆయన పద్ధతి దశాబ్దాలు రాజ్యమేలింది. దానివల్ల ఎందరో స్త్రీలు అవసరానికి మించి ఒంటి భాగాన్ని కోల్పోయారు. ఆయన మీద నాకున్న గౌరవం ఈ నిజాన్ని దాచనివ్వదు.

జర్మనీ ఆస్పత్రుల్లో చూసివచ్చిన పద్ధతిని మలిచి రెసిడెన్సీ శిక్షణ మొదలుపెట్టిందీ ఆయనే. కుర్ర డాక్టరు ఆస్పత్రిలోనే కాపురముండి, ముందు చూసి, తర్వాత సాయంపట్టి, బాధ్యత పెరిగేకొద్దీ సొంతంగా కోయాలి. మెదడు సర్జరీకి దారి వేసిన హార్వే కుషింగ్ అలా తయారైనవారే. ఈనాడు ఉస్మానియా ఆస్పత్రిలో, విశాఖ కేజీహెచ్‌లో రాత్రి డ్యూటీ చేసే పీజీలు నడిచేదీ ఆ బాటలోనే.

1882లో హాల్‌స్టెడ్ వంటగది బల్ల మీద తల్లికి పిత్తాశయం ఆపరేషన్ చేసి బతికించారు. 1922లో అదే జబ్బుకు ఆయన బల్లెక్కితే కత్తి పట్టింది ఆయన పాత రెసిడెంట్లే. ఆ తర్వాతి చిక్కులతో ఆయన కన్నుమూశారు. అదే ఏడాది కెరోలినూ పోయారు.